పగడానికి ఎండదెబ్బ

పగడం అంటే నాకు తెలిసినవి రెండే. అమ్మ మెడలో నల్లపూసల మధ్య ఎర్రగా మెరిసేది ఒకటి. జాతకంలో కుజుడు బాగా లేడని మా మేనమామ ఉంగరంలో పెట్టించుకున్నది ఒకటి. అది ఒకప్పుడు ప్రాణంతో ఉండేదనీ, దాని చుట్టాలకి వెలుగెక్కువైతే రంగు పోయి పాలిపోతాయనీ, ఆ పాపం ఏదో ఒకనాడు నా చేతుల మీదుగానే జరుగుతుందనీ నేను కలలో కూడా అనుకోలేదు.

మా అక్క కూతురు న్యూజెర్సీలో ఉద్యోగం చేస్తోంది. ఎన్నాళ్ళనుంచో రమ్మని పోరు పెడుతుంటే పోయినేడు వేసవిలో వెళ్ళి మూడు నెలలున్నాను. మనబోటివాళ్ళం ఆ దేశం వెళ్ళేది సాధారణంగా పురుళ్ళు పొయ్యడానికి. దానికింకా పెళ్ళే కాలేదు గనక నాకక్కడ పనేమీ లేదు. పని లేని చెయ్యి ఊరుకోదని మీకు నేను చెప్పాలా!

దాని హాల్లో నాలుగడుగుల గాజుతొట్టె ఉంది. అందులో ఉప్పునీళ్ళు, అరడజను చేపలు, రాళ్ళకి అంటుకుని కొమ్మలు కొమ్మలుగా పెరుగుతున్న పగడాలు. ఎర్రవి కావు, గోధుమరంగూ ఆకుపచ్చా కలిసినట్టుండేవి. పైన కొత్తగా కొన్న దీపం. దాని ఖరీదు చెప్పగానే నేను మనసులో రూపాయల్లోకి మార్చుకుని గుండె పట్టుకున్నాను. అంత ఖరీదైన దీపానికీ నీళ్ళకీ మధ్య కిటికీలకి కొట్టే దోమల జాలీ, నాలుగు పొరలు!

"ఇదేమిటే, ఇంత పోసి దీపం కొని ముసుగేశావు?" అన్నాను.

"అలవాటు చేస్తున్నాను పిన్నీ. వారానికో పొర తీస్తాను," అని చెప్పులేసుకుంటూ ఆఫీసుకి వెళ్ళిపోయింది.

ఆ తరువాతి వారం అది ఆఫీసు పని మీద రెండ్రోజులు వేరే ఊరు వెళ్ళింది. ఇల్లంతా సర్దాను. ఆ జాలీ నిండా ఉప్పు పేరుకుని, దుమ్ము పట్టి అసహ్యంగా కనిపించింది. తీసి, ఉతికి, బాల్కనీలో ఆరేసి, మడత పెట్టి బీరువాలో దాచాను. హాలంతా దీపావళిలా వెలిగిపోయింది. ఆ రెండ్రోజులూ సోఫాలో కూచుని చూసి మురిసిపోయాను కూడాను.

అది తిరిగొచ్చేసరికి కొమ్మలు వెలిసిపోయిన పాత పట్టుచీరలా ఉన్నాయి. ఒకటైతే పూర్తిగా తెలుపు. పిల్ల ఒక్క మాటంటే ఒక్క మాట అనలేదు. జాలీ తెచ్చి మళ్ళీ కప్పింది, ఫోనులో ఏదో నొక్కి దీపం తగ్గించింది. రాత్రి అన్నాల దగ్గర మాత్రం, "నీ తప్పు కాదులే పిన్నీ, నేను సరిగ్గా చెప్పలేదు," అంది. అరిచి ఉంటే బావుండేది. అప్పుడు నాకు అన్నం సయించేది.

మర్నాటి నుంచి దాని బీరువాలో ఉన్న పుస్తకాలు తీసి చదవడం మొదలుపెట్టాను. నేను చేసిన పని ఎంతటిదో తెలుసుకోవాలిగా.

అసలు పగడం చెట్టా, రాయా, జంతువా అన్నది తేలడానికే ఎంత కాలం పట్టిందనుకున్నారు! 1706లో మార్సిలీ అనే ఇటలీ ప్రభువు, అప్పుడే పట్టిన ఎర్రపగడపు కొమ్మని సముద్రపు నీళ్ళ గిన్నెలో పెట్టాడు. కాసేపటికి దాని మీద ఎనిమిదేసి రేకులతో తెల్లటి పూలు విచ్చుకున్నాయి. ఇంకేం, మొక్కే అన్నాడు. తరువాత మార్సేల్ ఊరి వైద్యుడు పేసొనెల్, అవి పూలు కావు జీవులని చెప్తే పారిస్ పండితులకి నచ్చలేదు. ఆయన మాటని సభకి వినిపించిన రియోమూర్, ఈ మనిషి పరువు పోతుందేమోనని పేరు కూడా బయటపెట్టలేదట! పెద్దమనిషి తరహా అంటే అదీ. ఆ తరువాత చాలా ఏళ్ళకి గాని పేసొనెల్ మాట నిజమని ఒప్పుకోలేదు.

ఇహ ప్రాణమున్న పగడాన్ని ఇంట్లో పెంచిన సంగతికొస్తే, అక్కడ కనిపించేది ఒక ఇల్లాలు. ఆవిడకన్నా ముందు 1832లోనే సిసిలీ దీవిలో జాన్ విల్‌ప్రె పవర్ అనే ఆవిడ సముద్రజీవుల కోసం గాజుతొట్లు చేయించింది. పెళ్ళికి ముందు పారిస్‌లో బట్టలు కుట్టి బతికిన మనిషి. ఆవిడ కథ ఇంకోసారి చెప్పుకుందాం. నేను చెప్పబోయేది ఆనా థిన్ గురించి. భర్త లార్డ్ జాన్ థిన్, లండన్ వెస్ట్‌మినిస్టర్ ఆబీలో మతాధికారి. 1846లో ఆవిడ టార్కీ అనే సముద్రపు ఒడ్డు ఊరికి వెళ్ళినప్పుడు అక్కడి రాళ్ళ మీద చిన్న చిన్న గిన్నెల్లాంటి పగడాలు చూసి ముచ్చటపడింది. లండన్ తీసుకెళ్ళాలి. రైల్లో కుదుపులకి ఒకదాన్నొకటి కొట్టుకుని చస్తాయి కదా! మగవాడైతే ఏం చేసేవాడో గానీ, ఈవిడ సూదీ దారం తీసి వాటిని ఒక పెద్ద స్పాంజికి కుట్టేసి, ఆ స్పాంజిని నీళ్ళలో ఉంచి తీసుకెళ్ళింది.

లండన్‌లో సముద్రం ఎక్కణ్ణుంచి వస్తుంది? తెచ్చుకున్న నీళ్ళే పదే పదే వాడుకోవాలి. నిలవ నీళ్ళలో గాలి అయిపోతుంది. అందుకని తెరిచిన కిటికీ ముందు నిలబడి, ఆ నీళ్ళని ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి, మనం కాఫీ చల్లార్చినట్టు, రోజూ అరగంటా ముప్పావుగంటా పొయ్యడమే. ఆ తిరగబొయ్యడం మాత్రం పనిమనిషి చేసేది. చరిత్రలో పేరు దొరసానిది, చేతుల నొప్పి పనిమనిషిది. మరుసటేడు సముద్రపు నాచుమొక్కలు కూడా తెచ్చి వేస్తే అవే నీటికి ఊపిరి పోశాయి. మూడేళ్ళు దాటి బతికి, పిల్లలు కూడా పెట్టాయి ఆ పగడాలు. ఆవిడ రాసి పెట్టుకున్న వివరాలు 1859లో అచ్చయ్యాయి.

ఇంతలో 1853లో లండన్ జంతుశాలలో చేపల మందిరం తెరిచారు, 1854లో ఫిలిప్ గాస్ అక్వేరియం మీద పుస్తకం రాశాడు. ఇక ఇంగ్లండులో ఇంటింటా గాజుతొట్లే. జనం ఒడ్డున ఉన్న రాళ్ళన్నీ గీకేశారు. ఆ వేలంవెర్రి వల్ల తీరంలో మడుగులెలా బోడిగా మిగిలాయో గాస్ కొడుకు ఎడ్మండ్ 1907లో బాధగా రాసుకున్నాడు.

నాకిక్కడో అనుమానం వచ్చింది. ఆనా థిన్ ఇంట్లో దీపమేది? లండన్ మబ్బులూ పొగా తప్ప ఎండేది? ఆ పగడాలు ఎలా బతికాయి? జవాబు చదివి నవ్వుకున్నాను. ఆ చలిదేశపు పగడాలకి వెలుగుతో పనే లేదట. చేతికందిన తిండి తిని బతికేస్తాయి. అంతెందుకు, మన మెడలో ఉండే ఎర్రపగడం కూడా అలాంటిదే. మధ్యధరా సముద్రంలో మసకచీకటి గుహల్లో, లోతుల్లో పెరిగేది. అమ్మ మెడలోది నీడపట్టున పెరిగిన పిల్ల అన్నమాట. మా పిల్ల తొట్టెలో ఉన్నవి వేరు జాతి. ఎండ దండిగా ఉండే ఉష్ణదేశాల సముద్రాల్లో దిబ్బలు కట్టే జాతి.

వాటికా రంగు పగడానిది కాదు, దాని ఒంట్లో కాపురముండే కంటికి కనిపించనంత చిన్న నాచుది. 1881లో కార్ల్ బ్రాంట్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు దానికి జూక్సాంథెల్లా అని పేరు పెట్టాడు. నోరు తిరగదు గనక మనం నాచు అనే అనుకుందాం. మరి ఆ నాచు అద్దెకున్నదా, ఇంటి మనిషా? ఇది తేల్చడానికి 1928లో కొందరు ఇంగ్లండు నుంచి ఆస్ట్రేలియా వెళ్ళి, గ్రేట్ బారియర్ రీఫ్‌లో లో ఐల్స్ అనే చిన్న దీవుల్లో ఏడాది పైగా మకాం పెట్టారు. నాయకుడు మారిస్ యంగ్‌కి అప్పటికి ఇరవై ఎనిమిదేళ్ళు. భార్య మాటీ డాక్టరు, అందరికీ మందులిచ్చే బాధ్యత ఆవిడది. షైనా మార్షల్ వంటి ఆడ శాస్త్రజ్ఞులు కూడా ఆ బృందంలో పనిచేశారు. 1928 మాట, గుర్తుంచుకోండి.

యంగ్ పగడాలని వెలుగు చొరని పెట్టెల్లో మూసి పెట్టాడు. కొన్నాళ్ళకి అవి ఒంట్లో నాచుని బయటికి కక్కేసి తెల్లగా అయిపోయాయి. తిండి అందినంత కాలం బతికే ఉన్నాయి, రంగు మాత్రం పోయింది. నీళ్ళు బాగా వేడెక్కినా అదే పని చేశాయి. ఇంత ఓపిగ్గా చేసిన మనిషి కూడా, ఆ నాచు పగడానికి తిండి పెడుతుందన్న మాట ఒప్పుకోలేదు. పగడం మాంసాహారి, దానికి ఆకుకూర అక్కర్లేదన్నాడు! పండితులకైనా అప్పుడప్పుడూ కళ్ళెదుట ఉన్నది కనబడదు. నాకు కొంచెం ఊరటగా అనిపించిందంటే మీరు నవ్వకూడదు.

1958లో అమెరికాలో మస్కటీన్, హాండ్ అనే ఇద్దరు రేడియోధార్మిక కార్బన్ వాడి, పగడానికి దగ్గర చుట్టమైన సముద్రపు ఆనిమోనిలో నాచు వండిన తిండి ఆతిథేయి ఒంట్లోకి చేరుతోందని చూపించారు. మరుసటేడే జమైకాలో థామస్ గోరో, నోరా గోరో అనే దంపతులు, వెలుగులో ఉన్న పగడం చీకట్లో ఉన్నదానికన్నా ఎన్నో రెట్లు వేగంగా సున్నపు అస్థిపంజరం కట్టుకుంటోందని లెక్క తేల్చారు. ఎండ తగిలితేనే ఇల్లు కడుతుందన్నమాట. దిబ్బలు కట్టే పగడానికి కావలసిన శక్తిలో ఎక్కువ భాగం ఆ నాచే సంపాదించి పెడుతుందని ఇప్పుడు అందరూ ఒప్పుకున్నదే.

ఇది తెలియని రోజుల్లో గాజుతొట్లో పగడాన్ని బతికించడం ఎవరి తరమూ కాలేదు. ఎండ నేరుగా దొరికిన చోట మాత్రం సాగింది. 1956లో న్యూ కాలెడోనియా దీవిలో నూమియా అనే ఊళ్ళో రెనే కటాలా, భార్య ఇడా స్టూకీ కలిసి సముద్రపు నీళ్ళు పారే అక్వేరియం తెరిచి పగడాలు పెంచారు. జకార్తాలో లీ చిన్ ఎంగ్ సముద్రంలోంచి తెచ్చిన జీవమున్న రాళ్ళు, కాస్త గాలిబుడగలు, ఎండ, వీటితోనే నడిపించాడు. దాని గురించి 1961లో ఒక పత్రికలో రాశాడు. చలిదేశాల్లో ఇళ్ళల్లో ట్యూబులైట్లే దిక్కు. తెచ్చినవి తెచ్చినట్టు నెలల్లో నీరసించి పోయేవి. మెటల్ హాలైడ్ దీపాలొచ్చాక గాని ఈ కథ మారలేదు. వీధుల్లో, ఆటస్థలాల్లో పెట్టే దీపాలవి. జర్మనీలో మొదలై, 1986లో జార్జ్ స్మిట్ అమెరికా పత్రికలో చిన్న పగడపు దిబ్బ ఇంట్లో పెంచడం గురించి వరసగా రాశాక అక్కడా పాకింది.

దీపం దొరికింది. తిప్పలు పోయాయనుకున్నారు. అప్పుడు మొదలయ్యాయి అసలు తిప్పలు, నాకొచ్చినట్టే.

మసక ట్యూబులైటు కింద అలవాటు పడ్డ పగడాన్ని తెచ్చి ఆ దీపం కింద పెట్టడం, నాలుగు రోజుల్లో అది సుద్దముక్కలా తయారవడం. సరే, కొత్తవాళ్ళ తొందరపాటు అనుకోవచ్చు. పాతకాపులకీ జరిగేది. బల్బు కాలం గడిచినకొద్దీ మెల్లమెల్లగా మసకబారుతుంది. మనకి తెలీదు, పగడం మటుకు దానికి సర్దుకుంటుంది. ఏడాదయ్యాక అవే వాట్లున్న కొత్త బల్బు పెడతాం. మనకి తేడా లేదు, దానికి నడినెత్తిన సూర్యుడు దిగినట్టు! ఇంకొకటి వినండి. తొట్టెలో నీళ్ళు కాలక్రమాన కొంచెం పసుపురంగుకి తిరుగుతాయట. శుభ్రం చేద్దామని బొగ్గు వేసి వడకడితే నీళ్ళు తేటపడి, వెలుగు ఒక్కసారిగా లోపలికి దూరి పగడాలు పాలిపోయేవట. శుభ్రం చేసి చెడగొట్టింది ప్రపంచంలో నేనొక్కదాన్నే కాదన్నమాట!

ఎందుకిలా అవుతుందన్నది 1981లో పాల్ ఫాల్కోవ్‌స్కీ, జ్వీ డుబిన్‌స్కీ అనే ఇద్దరు నేచర్ పత్రికలో రాసిన చిన్న వ్యాసం చదివితే విడిపోయింది. ఎర్రసముద్రపు కొసన ఎయ్‌లాట్ అనే ఊరి దగ్గర స్టైలోఫోరా అనే పగడం ఎండలోనూ పెరుగుతుంది, రాళ్ళ చాటు నీడలోనూ పెరుగుతుంది. ఎండలోది లేతరంగు, నీడలోది ముదురు. నీడలోదానికి నాచు ఎక్కువుంటుందేమో అనుకుంటాం కదా? కాదు. నాచుకణాల లెక్కలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఒక్కొక్క కణంలో పత్రహరితం మాత్రం నీడలోదానికి చాలా ఎక్కువ.

నాకిది చదవగానే మా పాత వీధి కుళాయి గుర్తొచ్చింది. సన్నధారగా వచ్చే రోజుల్లో ఇంట్లో ఉన్న బిందెలూ బకెట్లూ చెంబులూ అన్నీ వరసగా పెట్టి ఒక్క బొట్టు పోకుండా పట్టేవాళ్ళం. ఒకరోజు అర్ధరాత్రి ధార ఉధృతంగా వచ్చి బిందెలన్నీ పొర్లి, వంటిల్లు చెరువై, బియ్యం బస్తా తడిసింది. నీడలో ఉన్న నాచు కూడా అంతే. దొరికే కాస్త వెలుగు కోసం ఉన్న పాత్రలన్నీ పరిచి ఉంచుతుంది. ఒక్కసారిగా వెలుగు వరదొస్తే పట్టలేదు. పొంగిపోయిన ఆ శక్తి వల్ల కణాల్ని కాల్చే రకం ఆక్సిజను పుడుతుంది. ఇంటికి నిప్పంటుకునేలా ఉంటే పగడం ఏం చేస్తుంది? అన్నం పెట్టే ఆ నాచునే బయటికి నెట్టేస్తుంది. అదే ఆ తెలుపు. చచ్చిపోయిందని కాదు, పస్తులు మొదలయ్యాయని. నాచు మళ్ళీ చేరితే బతుకుతుంది, ఆలస్యమైతే లేదు.

అదే వెలుగు కొంచెం కొంచెంగా పెంచితే పాత్రలు ఒకటొకటే తీసి లోపల పెట్టుకునే వ్యవధి దొరుకుతుంది. పత్రహరితం తగ్గించుకుంటుంది. పగడమూ తన వంతుగా రంగు పదార్థాలు తయారు చేసి గొడుగు పట్టుకుంటుంది. ఈ గొడుగు ఊహ సీరో కవగూతి అనే జపాను శాస్త్రజ్ఞుడిది, పలావు దీవుల్లో పనిచేసి 1944లో రాశాడు. ఈ సర్దుబాటుకి రోజులు కాదు, వారాలు పడుతుంది. మా పిల్ల నాలుగు పొరల జాలీ వెనక ఇంత కథ ఉంది! పెంచేవాళ్ళు ఇంకో రకంగానూ చేస్తారు. కొత్త ముక్కని ముందు తొట్టె అడుగున ఓ వారగా ఉంచి, వారం పది రోజులకోసారి ఒక్కో మెట్టు పైకి జరుపుతారు. ఇప్పటి ఎల్.ఈ.డీ దీపాలకి సగం వెలుగుతో మొదలుపెట్టి కొన్ని వారాల్లో తనే పెంచుకునే ఏర్పాటు కూడా ఉంది. "మరి జాలీ ఎందుకే?" అంటే, "మీటరు పెట్టి కొలిస్తే జాలీ లెక్కే బాగా తెలుస్తుంది పిన్నీ," అంది.

తొట్టెలోదానికి జాలీ కప్పే దిక్కుంది. సముద్రంలోదానికి లేదు. 1998లో నీళ్ళు వేడెక్కినప్పుడు మన లక్షద్వీపాల్లో, మన్నారు సింధుశాఖలో పగడాలు తెల్లబడ్డాయి. 2010లో అండమాన్లలో తెల్లబడ్డాయి. 2024 ఏప్రిల్లో ప్రపంచమంతటా ఇది నాలుగోసారి జరుగుతోందని ప్రకటించారు. అక్కడ మొదటి దోషి వేడి. వేడికి నీరసపడ్డ నాచు మామూలు ఎండని కూడా తట్టుకోలేదు.  అన్నట్టు, ఇది చదివి ఎవరైనా ముచ్చటపడతారేమో, మన దేశంలో 2001 నుంచి ఈ దిబ్బలు కట్టే పగడాలని వన్యప్రాణి రక్షణ చట్టం కిందకి తెచ్చారు. పులికున్నంత రక్షణ. ఇంట్లో పెంచడం నేరం. మా పిల్ల తొట్టెలోవి అక్కడ ఒకరి తొట్టెలోంచి ఒకరు కొమ్మ విరిచి ఇచ్చుకునేవి, మనం మందారం కొమ్మ ఇచ్చుకున్నట్టు.

ఇంతకీ నేను పాడుచేసినవాటి మాట. రోజూ పొద్దున్నే కాఫీ కన్నా ముందు వెళ్ళి చూసేదాన్ని. రాత్రి దీపమారాక పిల్ల సన్నగొట్టంతో వాటి నోటికి ఏదో మేత అందించేది, నేను టార్చిలైటు పట్టుకునేదాన్ని. పూర్తిగా తెల్లబడ్డ కొమ్మ మూడో వారంలో పోయింది. దాని మీద పీచులాంటి పాచి పట్టింది. మిగిలిన రెండూ అలాగే పాలిపోయి ఉండి ఉండి, అయిదో వారంలో మొదట్లో, కాండం దగ్గర, టీ మరక అంటినంత గోధుమరంగు కనిపించింది. నా కళ్ళ భ్రమేమో అని పిల్లని పిలిచాను. అది ముక్కు గాజుకి ఆనించి చాలాసేపు చూసింది. "వస్తోంది," అంది.

తరువాత మళ్ళీ వారానికో పొర. పొర తీసిన రోజున మీటరు నీళ్ళలో ముంచి అంకె చూసి కాలెండరు మీద రాసేది. నా తిరుగు ప్రయాణం ముందురోజుకి ఒక్క పొర మిగిలింది.

"చివరిది నువ్వే తియ్యి పిన్నీ," అంది.

చేతులు కడుక్కుని, తడి తుడుచుకుని, మెల్లగా తీశాను. ఆకుపచ్చ కొసలు మెరిశాయి. ఇద్దరం కాసేపు అక్కడే నిలబడ్డాం.

"దీన్నేం చెయ్యనే?" అన్నాను, చేతిలో ఉప్పు పట్టిన జాలీ చూపించి.

"ఇప్పుడు ఉతుక్కో," అంది.